పంట నమూనాలలో ఫంక్షన్ పాయింటర్లకు బదులుగా ఆబ్జెక్టులు

కొన్నేళ్ల క్రితం నా పర్యవేక్షణలో ఒక పరిశోధక విద్యార్థి వర్షాధార పత్తికి నేల తేమ నమూనాను సి భాషలో రూపొందించాడు. ఎర్ర చల్కా, నల్లరేగడి నేలలకు పది రోజుల తేడాతో విత్తిన పైరును ఒకే ప్రోగ్రాములో నడిపాడు. విత్తిన తేదీలు వేరు కనుక ఫలితాలూ కొంత వేరుగానే వచ్చాయి. బెట్ట కాలంలో రెండు నేలలకూ రక్షక తడి అవసరం లేదని తేలింది. సలహాపత్రంపై సంతకం చేయబోతుండగా విస్తరణ విభాగపు సహచరుడు ఒకరు, "సార్, చల్కాలో ఇరవై రోజులు వాన లేకపోయినా పత్తి వాడలేదా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు మావద్ద సమాధానం లేదు.

లోపం సమీకరణంలో లేదు, దత్తాంశంలోనూ లేదు. అవకలన సమీకరణాలను సాధించే ఉపక్రమానికి తేమ మార్పు రేటును లెక్కించే ఫంక్షన్ చిరునామాను మాత్రమే అందిస్తాము. దీనినే ఫంక్షన్ పాయింటర్ అంటారు. ఉపక్రమం ఆ ఫంక్షన్‌కు కాలాన్ని, ప్రస్తుత తేమను ఇచ్చి రేటును తిరిగి పొందుతుంది. మరి నేల గుణాలు ఎక్కడ ఉండాలి? చిరునామాలో వాటికి చోటు లేదు. అందువల్ల మా విద్యార్థి, నిజానికి ఆ రోజుల్లో మేమందరమూ, వాటిని ప్రోగ్రాము అంతటికీ ఉమ్మడియైన గ్లోబల్ చరరాశులలో ఉంచేవాళ్లము. మొదట చల్కా విలువలు, ఆపై రేగడి విలువలు చదివించి, తరువాత రెండింటినీ నడిపితే, రెండవది మొదటిదానిని చెరిపివేస్తుంది. చల్కా పేరుతో మేము నడిపినది రేగడినే.

ఈ తప్పు ఎంత పెద్దదో ఒక లెక్క చెబుతుంది. వాన్ గెనుక్టెన్ 1980లో ప్రతిపాదించిన తేమ–చూషణ సమీకరణంలో, కార్సెల్, పారిష్ 1988లో ప్రకటించిన సగటు విలువలను తీసుకుందాం. ఇసుక గరపకు ఆల్ఫా సెంటీమీటరుకు 0.075, ఎన్ 1.89, బంకమట్టికి 0.008, 1.09. వారి మిగతా విలువలను కూడా చేర్చి 330 సెంటీమీటర్ల చూషణ వద్ద లెక్కిస్తే ఘనపరిమాణ తేమ మొదటిదానికి 0.085, రెండవదానికి 0.347 వస్తుంది. సంతృప్త జలవాహకత రోజుకు 106.1 సెం.మీ. ఒకచోట, 4.8 సెం.మీ. మరొకచోట. మన చల్కా, రేగడి నేలలకు ఇవి యథాతథంగా వర్తించవు. అయినా విలువలు తారుమారైతే సలహా ఎటు పోతుందో ఊహించవచ్చు.

విచారకరమైన విషయం మరొకటి ఉంది. నమూనా సరిచూచుటకు మనం నమ్ముకునే నీటి సమతుల్యత పరీక్షలో మా ప్రోగ్రాము నెగ్గింది. వాన, బాష్పోత్సేకం, పారుదల, ఇంకుడు, నిల్వ అన్నీ సరిపోయాయి. తప్పు నేలలోనైనా నీరు నీరుగానే నిలుస్తుంది కదా!

పరామితులను అదనంగా, రకం చెప్పని పాయింటరు ద్వారా పంపడం ఒక మధ్యేమార్గం. గ్నూ సైంటిఫిక్ లైబ్రరీలోని అవకలన సమీకరణాల విభాగం ఈ పద్ధతినే అనుసరిస్తుంది. ఇందువల్ల గ్లోబల్ చరరాశుల బెడద తొలగుతుంది. కాని నేల వివరాలు పంపవలసినచోట వంగడపు వివరాలు పంపినా కంపైలర్ అభ్యంతరం చెప్పదు. ఆ చిరునామా వద్ద ఉన్న సంఖ్యలనే నేల గుణాలుగా చదువుకొని లెక్క సాగిపోతుంది.

ఆబ్జెక్టులో ఫంక్షనూ దాని పరామితులూ కలిసి ఉంటాయి. నిర్మాణ సమయంలోనే చల్కా విలువలతో ఒక ఆబ్జెక్టు, రేగడి విలువలతో ఇంకొకటి ఏర్పడతాయి. ఒకదాని విలువలు మరొకదానికి అంటవు. వేరు లోతు, పెనుమన్ సమీకరణం వంటి ప్రక్రియలను కూడా ఇలాగే మార్చుకోవచ్చు. సి ప్లస్ ప్లస్‌లోనే కాక ఫోర్‌ట్రాన్ 2003 ప్రమాణంలోనూ ఈ సౌకర్యం ఉన్నందున పాత ప్రోగ్రాములను వదులుకోనవసరం లేదు.

వేగం తగ్గుతుందనే ఆక్షేపణ తరచుగా వినబడుతుంది. సి ప్లస్ ప్లస్ వర్చువల్ ఫంక్షన్లు సాధారణంగా లోపల ఫంక్షన్ పాయింటర్ల పట్టికతోనే పనిచేస్తాయి కనుక ఖర్చు ఇంచుమించు సమానమే. టెంప్లేట్ ద్వారా ఆబ్జెక్టును అందిస్తే కంపైలర్ ఆ ఫంక్షన్‌ను పిలిచినచోటనే విస్తరించగలదు. అప్పుడు పాయింటరు కంటే వేగంగా నడిచే అవకాశం కూడా ఉంది. అయితే ప్రతి నేల పొరకూ, ప్రతి కాలాంతరానికీ కొత్త ఆబ్జెక్టును సృష్టించే అత్యుత్సాహం కూడదు. నా విద్యార్థులలో ఇది తరచుగా కనబడే జబ్బు.

మార్పును ఒక్క ప్రక్రియతో ఆరంభించి, పాత ఫలితాలను పక్కన ఉంచుకొని పోల్చాలి. కూడికల క్రమం మారితే చివరి దశాంశాలు మారవచ్చు కనుక పోలికకు సహన పరిమితిని ముందే నిర్ణయించుకోవాలి. మా ప్రయోగశాలలో ఇప్పుడు మరొక పరీక్ష తప్పనిసరి: రెండు నేలలనూ ముందుగా సిద్ధపరచి, ఒక రోజు దీనిని, ఒక రోజు దానిని వంతులవారీగా నడుపుతాము. వచ్చిన ఫలితం ఒక్కొక్కదానిని విడిగా నడిపినప్పటి ఫలితంతో సరిపోవాలి. పాత ప్రోగ్రామును ఈ పరీక్షకు పెట్టిన రోజున చల్కా వక్రరేఖ మొదటి వారంలోనే పక్కకు తొలగింది. సలహాపత్రం మళ్లీ రాశాము. అందులో చల్కాకు రక్షక తడి చేరింది.