పెరటి తోటకు అసలు తోడు గడ్డి సంచిలో ఉంది

తొలకరి వానలు పడ్డాక చెదపుట్టల చుట్టూ తెల్లగా మొలిచే గొడుగులకు మన పెద్దలు పుట్టగొడుగులని పేరు పెట్టారు. ఆ పేరులో పోలికతో పాటు జీవశాస్త్రం కూడా ఉంది. పుట్టలోని చెదలు ఎండుటాకులూ పుల్లలూ నమిలి తెచ్చి, లోపలి గదుల్లో తేనెపట్టులాంటి దిబ్బలుగా పేర్చి, వాటి మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతాయి. కర్రకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఆ శిలీంధ్రం విడగొడుతుంది. అలా మెత్తబడిన దాన్ని చెదలు తింటాయి. సుమారు మూడు కోట్ల ఏళ్లుగా సాగుతున్న సేద్యమిది. చెదకు ఎండుటాకు దొరకడం కష్టం కాదు, దాన్ని అరిగించుకోవడమే కష్టం. అందుకే తనకు చేతకాని పని తెలిసిన, తనతో ఏ పోలికా లేని జీవిని తోడు తెచ్చుకుంది. పెరట్లోనో మిద్దె మీదో కూరగాయలు పండించుకునే వాళ్లు తోడు అనే మాటను ఈ అర్థంలోనే తీసుకోవాలని నా వాదన. ఒకరి కొరతను మరొకరు తీర్చినప్పుడే అది తోడు. ఆ లెక్కన మన తోటల్లో అందరికన్నా ముందు ఉండాల్సింది, ఇంకా చాలాచోట్ల లేనిది, తినే పుట్టగొడుగే.

తోటి మొక్కల గురించి ఇప్పుడు పట్టికలు విరివిగా దొరుకుతున్నాయి. ఏది దేనికి స్నేహితుడో, ఏది దేనికి శత్రువో వాటిలో ఉంటుంది. 1975లో అమెరికాలో లూయీస్ రియోట్ రాసిన ప్రసిద్ధ పుస్తకం పేరే ‘క్యారెట్లకు టమాటాలంటే ప్రేమ’ అని అర్థం వచ్చేలా ఉంటుంది. ఇలాంటి పట్టికల్లో చాలా భాగం చలిదేశాల తోటమాలుల అనుభవం మీద ఆధారపడినవి. వాటిలోని జంటల్లో పక్కపక్కన రెండు మళ్లు వేసి, ఒకదానిలో తోడు పెట్టి, రెండోదానిలో పెట్టకుండా చూసినవి తక్కువ. అలా చూసిన జంటల్లో మాత్రం నేర్చుకోవలసింది చాలా ఉంది. టమాటా, బంతి సంగతే తీసుకుందాం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చేసిన సిఫారసు ప్రకారం పదహారు సాళ్ల టమాటాకు ఒక సాలు పెద్ద బంతి వేయాలి. బంతి నారు వయసు సుమారు 45 రోజులు, టమాటా నారు వయసు 25 రోజులు ఉండాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. కాయతొలుచు పురుగు తల్లి రెక్కలపురుగు టమాటాను వదిలి బంతి మీద గుడ్లు పెడుతుంది. ఇక్కడ బంతి చేస్తున్నది ఎర పని. పూత సమయం తప్పితే ఆ పని జరగదు. ఏదో ఒక మూల రెండు బంతి మొక్కలు నాటి పురుగు పోలేదని బాధపడే వాళ్లకు జవాబు ఈ వయసుల లెక్కలోనే ఉంది.

బంతికి ఇంకో గుణం ఉంది. దాని వేళ్లలోని ఆల్ఫా టెర్థైనిల్ అనే రసాయనం వేరుబుడిపె కలిగించే నులిపురుగులను చంపుతుంది. అయితే మడంతా ఒత్తుగా బంతి వేసి రెండు మూడు నెలలు ఉంచి, ఆ తర్వాత వంగో టమాటానో నాటితేనే దాని ఫలితం బాగా కనిపిస్తుంది. పక్కన నిలబెడితే చాలదు. ఘాటు వాసన పురుగును తరిమేస్తుందన్న నమ్మకాన్ని కూడా కొంత సరిచూసుకోవాలి. ఇంగ్లండ్‌లోని వెల్స్‌బోర్న్‌లో స్టాన్ ఫించ్, రోజ్‌మేరీ కాలియర్ క్యాబేజీని ఆశించే ఈగ మీద ఏళ్ల తరబడి పరిశోధించారు. క్యాబేజీ చుట్టూ వేరే పచ్చదనం ఉంటే ఈగ పెట్టే గుడ్లు తగ్గాయి. చుట్టూ ఉన్నది పచ్చ కాగితంతో చేసిన ఉత్తుత్తి మొక్క అయినా తగ్గాయి. ఈగ పచ్చగా కనిపించిన దాని మీద వాలుతుంది, అది తనకు కావలసిన ఆకు కాకపోతే ఎగిరిపోతుంది, ఇలా కొన్నిసార్లు తప్పాక ఆ చోటే వదిలేస్తుంది. అంటే మడి మధ్య నేల బోసిగా కనిపించకుండా తోటకూరో మెంతికూరో చల్లుకున్నా ఈగను కొంత తికమక పెట్టవచ్చు. పట్టికలో పేరున్న మొక్కే కావాలని లేదు.

భూమి లోపల జరిగే సహాయానికి మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. తెలంగాణ ఎర్ర చెలకల్లో జొన్నలో కంది అంతరపంటగా వేయడం తరతరాల అలవాటు. ఎర్రనేలల్లో భాస్వరం చాలావరకు ఇనుముతో ముడిపడి, మొక్కకు అందకుండా ఉంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థలో జరిగిన అధ్యయనం 1990లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లాన్నీ దాని వంటి ఆమ్లాలనూ వదిలి, ఇనుమును పట్టుకుని, భాస్వరాన్ని విడిపిస్తాయని అందులో తేలింది. జొన్నకు ఆ శక్తి లేదు. కంది తాను తీసుకున్న భాస్వరంలో కొంత రాలే ఆకుల ద్వారా నేలకు తిరిగిస్తుంది. రైతుకు పిసిడిక్ ఆమ్లం పేరు తెలియదు, కానీ ఏ పంట తర్వాత ఏది బాగా వస్తుందో తెలుసు. చెదా శిలీంధ్రమూ, జొన్నా కందీ ఒకే సూత్రం మీద నడుస్తున్నాయి. ఒకరు చేయలేనిది ఇంకొకరు చేస్తారు.

ఇప్పుడు ఇంటి తోటకు ఏది చేతకాదో చూద్దాం. బీర, సొర, చిక్కుడు, ఆకుకూరలు అన్నీ పదార్థాన్ని కట్టేవే, విప్పేది వాటిలో ఒక్కటీ లేదు. ఎండిన తీగలు, రాలిన ఆకులు, వరిగడ్డి, కొబ్బరిపీచు తోటలో పోగవుతూనే ఉంటాయి. వరిగడ్డిని తెచ్చి అలాగే మట్టిలో కలిపితే మొదట నష్టమే. గడ్డిలో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం అరవై నుంచి ఎనభై పాళ్లు ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి, పక్కనున్న మొక్కలు పసుపుబారుతాయి. లిగ్నిన్ వల్ల ఆ పని నెలలు సాగుతుంది. ముత్యపుచిప్ప పుట్టగొడుగు సరిగ్గా ఈ చిక్కును విప్పగలదు. అది వదిలే ఎంజైములు లిగ్నిన్‌ను కోసి, లోపలి పిండిపదార్థాలను అందుకుంటాయి. కర్బనంలో చాలా భాగం గాలిలో కలుస్తుంది, కొంత మన కూరలోకి వస్తుంది. మిగిలిన గడ్డి మెత్తబడి, నత్రజని నిష్పత్తి పెరిగి, వానపాములకూ మట్టికీ సిద్ధంగా ఉంటుంది. తోటకు కంపోస్టు తయారయ్యే దారిలోనే ఇంటికి ఒక కూర దొరుకుతుంది.

ప్రకృతిలోని సంబంధాలను చూసి తోటను రూపొందించే పర్మాకల్చర్‌ను ఇక్కడ తలచుకోవాలి. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1978లో తమ మొదటి పుస్తకంతో ఈ ఆలోచనను లోకం ముందు పెట్టారు. జహీరాబాద్ ప్రాంతంలో అది ముందుగానే వేరూనింది, 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. దానిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది చోటు గురించిన ఆలోచన. రోజూ చూడవలసింది చేతికి అందేంత దగ్గర ఉండాలి, ఒకదాని వ్యర్థం పక్కదానికి మేత కావాలి. తడి గడ్డీ పుట్టగొడుగుల విత్తనమూ నింపిన సంచికి రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చిలకరించాలి, గాలిలో ఎనభై శాతం దాకా తేమ ఉండాలి, నేరుగా ఎండ తగలకూడదు. తోటలో ఎక్కడో షెడ్డు కట్టేకంటే, అంట్లు తోమే తొట్టి పక్కన నీడలో, పందిరి కింద వేలాడదీస్తే సగం శ్రమ తగ్గుతుంది. కారిన నీరు కింద ఉన్న పుదీనాకు పోతుంది. ముత్యపుచిప్ప రకాలకు 20 నుంచి 30 డిగ్రీలు అనుకూలం కనుక వానలు నిలదొక్కుకున్నాక మొదలుపెట్టి చలికాలం చివరి దాకా వేసుకోవచ్చు. ఎండాకాలానికి పాల పుట్టగొడుగు ఉంది, దానికి పైన మట్టి పొర కప్పాలి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు, అవి తేలికైనవీ కావు. సంచిలో నింపే ముందు గడ్డిని వేడినీళ్లలో ఉడికించడానికి గ్యాసు ఖర్చవుతుంది కదా అనేది మొదటిది. నిజమే, రెండు మూడు సంచుల కోసం అది భారమే. చల్లటి సున్నపు నీటిలో రాత్రంతా నానబెట్టి, కడిగి, నీరు వడిచేలా ఆరబెట్టే పద్ధతి కూడా ఉంది. వద్దనేది మాత్రం ఒకటుంది. మన దగ్గర చాలామంది నేర్పేది కార్బెండజిమ్, ఫార్మాలిన్ కలిపిన నీటిలో నానబెట్టడం. అమ్మకానికి పెంచేవారి లెక్కలు వేరు. ఆ గడ్డి తిరిగి ఆకుకూరల మడిలోకి వెళ్లాలని అనుకునేవారు శిలీంధ్రనాశినిని దాంతో పాటు మట్టిలోకి పంపకూడదు. రెండో అభ్యంతరం దిగుబడి. కిలో ఎండుగడ్డికి అర కిలో నుంచి ముప్పావు కిలో దాకా పచ్చి పుట్టగొడుగులు రావడం మామూలు, అందులో నూటికి తొంభై పాళ్లు నీరే. మాంసకృత్తుల కోసం పప్పు మానేసి దీన్ని నమ్ముకోమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. గడ్డి తన విలువను కూరగా ఒకసారి, ఎరువుగా ఒకసారి, మొత్తం రెండుసార్లు ఇస్తుందన్నదే నా లెక్క.

పర్మాకల్చర్‌కు శాస్త్రీయ రుజువు ఏదీ అన్నది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. నలభై ఏళ్లు ఈ ఉద్యమం కొలతల కంటే నమ్మకం మీదే ఎక్కువ నడిచిందన్నది ఒప్పుకోవాలి. ఇప్పుడు కొలతలు మొదలయ్యాయి. మధ్య యూరప్‌లో తొమ్మిది పర్మాకల్చర్ క్షేత్రాలను పొరుగు మామూలు పొలాలతో పోల్చిన పరిశోధన 2024లో వెలువడింది. మట్టిలో కర్బనం 27 శాతం ఎక్కువ, వానపాములు సుమారు మూడింతలు ఉన్నాయి. తొమ్మిది క్షేత్రాలు చిన్న లెక్కే, అవి మన వాతావరణంలోవీ కావు. కనుక దాన్ని మొదటి సాక్ష్యంగానే తీసుకోవాలి. పుట్టగొడుగు విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ముత్యపుచిప్ప శిలీంధ్రం నులిపురుగులను చంపి తింటుందని 1984లో కెనడా పరిశోధకులు చూపారు. చిన్న బుడగల్లో దాచిన 3-ఆక్టనోన్ అనే విషంతో ఆ పని చేస్తుందని 2023లో తైవాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అద్భుతమైన విషయమే, కానీ అవి ప్రయోగశాలలో చూసినవి. వాడేసిన గడ్డి వేస్తే వేరుబుడిపె పోతుందని హామీ ఇచ్చేంత దూరం ఆ సాక్ష్యం రాదు.

భద్రత విషయంలో రాజీ పనికిరాదు. మడిలో గడ్డి పరిచాక అందులోంచి మొలిచేవన్నీ మనం వేసినవి కావు. వెల్లుల్లి నల్లబడితే విషమనీ, పురుగు తింటే మంచిదనీ చెప్పే పరీక్షలేవీ నమ్మదగినవి కావు, కొన్ని విషాలు ఉడికించినా పోవు. నమ్మకమైన చోట కొన్న విత్తనంతో నింపిన సంచి నుంచి వచ్చినవే వంటింట్లోకి రావాలి. గొడుగు పూర్తిగా విచ్చుకుని బీజాలు రాల్చక ముందే కోయాలి, ఆ బీజాలు కొందరికి దగ్గూ ఆయాసమూ తెస్తాయి. అందుకే సంచులను పడకగదిలో పెట్టవద్దు.

ఈ చలికాలం ఒక పని చేసి చూడండి. ఒకే కొలత గల రెండు మళ్లలో ఒకే నారు నాటండి. రెండింటికీ ఒకే ఎరువు, ఒకే నీరు ఇచ్చి, ఒకదాని మీద మాత్రం పుట్టగొడుగులు కోసేసిన గడ్డి రెండు అంగుళాల మందాన పరవండి. కోసిన ప్రతి కాయనూ తూచి, తేదీతో సహా రాసి పెట్టుకోండి. మన ఎర్రనేలల్లో, మన ఎండల్లో ఇది ఎంత పనిచేస్తుందో చెప్పే అంకెలు ఇప్పుడు మనకు కావాలి.