చిత్రశాల – దాని కాగితములు

చిత్రకళాచరిత్ర వ్రాయబూనువారు చిత్రములను వెదకుదురు గాని వానితోబాటు పుట్టిన కాగితములను వెదకరు. ప్రదర్శన పట్టికలు, ఆహ్వానపత్రికలు, చిత్రకారుల ఉత్తరములు, వెలల చీటీలు చెత్తక్రింద జమయగుచున్నవి. పరదేశపు నూతనకళను తెచ్చి చూపిన సంస్థ విషయమున ఈ కాగితములే చరిత్ర. ఏలయన ఆ చిత్రములు దాని గోడలపై నిలుచునది కొలది దినములు మాత్రమే.

కలకత్తా సంగతి చూడుడు. 1922 డిసెంబరులో అచటి ప్రాచ్యకళాసంఘము తన వార్షిక ప్రదర్శనమున జర్మనీలోని వైమారు నగరపు బౌహౌస్ విద్యాలయ చిత్రకారుల కృతులను ప్రదర్శించెను. కాండిన్‌స్కీ, పాల్ క్లే, ఇట్టెన్, ఫైనింగర్ల కృతులతోబాటు గగనేంద్రనాథ ఠాకూరు, సునయనీదేవి మున్నగు వంగచిత్రకారుల కృతులును అందుండెను. ఐరోపాలోనే పలువురకు మ్రింగుడుపడని కళ యది! దీనిని మనమిప్పుడు వదంతిగా గాక చరిత్రగా చెప్పగలుగుటకు కారణము, స్టెల్లా క్రామ్రిష్ ఇట్టెనునకు వ్రాసిన లేఖయు, ఆమె పీఠికతో వెలువడిన ప్రదర్శన పట్టికయు మిగిలియుండుట. 2013లో డెస్సౌలోని బౌహౌస్ సంస్థ ఆనాటి ప్రదర్శనను విషయముగా గైకొని మరల నొక ప్రదర్శనము జరిపినది.

ఇక మన బందరు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్ల కృషిచే వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చిత్రశాల కాదు, విద్యాలయము. అయినను కలకత్తానుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయులు వచ్చి చిత్రలేఖనము నేర్పిన చోటది. అడివి బాపిరాజు ఆయన శిష్యుడై, తరువాత ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను. గురుశిష్యులను గూర్చిన ప్రశంసావాక్యములకు మనకు కొదువ లేదు. ఏ చిత్రము ఏ యేట వ్రాయబడినది, ఏ ప్రదర్శనమునకు పోయినది, ఎవరు కొనిరి అన్నచో మాత్రము తడుముకొనవలసి వచ్చును. 1907 నుండి 1945 వరకు ముట్నూరివారు నడపిన కృష్ణాపత్రిక సంచికలు ఇచట గొప్ప ఆధారము. కాని మన సంకలనకర్తలు సంపాదకీయములను ఏరుకొని, స్థానికవార్తలను ప్రకటనలను విడిచిపెట్టుదురు. పరిశోధకునకు కావలసినవి తరచుగా అవియే.

మన ప్రాంతమున ఈ పనికి గడువు తక్కువ. 1864లో బందరును ముంచిన ఉప్పెనయు, 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనయు మనుష్యులను వేలకువేలుగా పొట్టనబెట్టుకొన్నవి. ఆ దుఃఖము ముందర కాగితముల మాట యెత్తుటకే సంకోచము కలుగును. ఉప్పెన రాకున్నను ఉప్పుగాలి, చెమ్మ, చెదలు తమ పని తాము చేయుచునే యుండును. మోపిదేవి, అవనిగడ్డల వంటి యూళ్లలో పాత యిండ్లు విప్పునప్పుడు అటకమీది కట్టలు మొదట పెంటకుప్పకే చేరును.

విద్యార్థులు అట్టి కట్ట దొరికినచో విషయానుసారముగా సర్దబోరాదు. ఏ యింట, ఏ పెట్టెలో, ఏ వరుసలో నున్నదో ముందుగా వ్రాసికొని, పిమ్మట ఛాయాచిత్రములు తీసికొనవలెను. ఉత్తరమును దాని కవరునుండి వేరుచేయరాదు. తేదీ లేని లేఖకు పలుమారులు తపాలాముద్రయే తేదీ యగును.