హిమానీనదాల మీదుగా స్కీ యాత్ర

ఫ్రాన్స్ దేశంలోని షమోనీ పట్టణం నుండి స్విట్జర్లాండులోని జెర్మాట్ గ్రామం వరకు, ఆల్ప్స్ పర్వతాల ఎత్తుల మీదుగా ఒక మార్గం ఉంది. దానిని ‘ఓత్ రూట్’ అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు ‘ఎత్తైన దారి’ అని అర్థం. దారి అన్నది పేరుకే గాని అక్కడ బాట లేదు, మైలురాళ్లు లేవు. ఉన్నవి కనుమలు, వాటి మధ్య పరచుకొన్న హిమానీనదాలు, రాత్రి తలదాచుకోవడానికి అక్కడక్కడా రాతి వసతిగృహాలు మాత్రమే. 1861లో బ్రిటిష్ పర్వతారోహకులు వేసవికాలంలో కాలినడకన ఈ మార్గాన్ని రూపొందించారు. 1903 జనవరిలో షమోనీకి చెందిన మిషెల్ పయో అనే వైద్యుడు సహచరులతో కలిసి స్కీలపై తొలిసారి ఈ యాత్ర సాగించాడు. సుమారు 120 కి.మీ. పొడవున్న ఈ మార్గానికి నేటికీ ఆరేడు రోజులు పడుతుంది. ఆ ఆరేడు రోజులు క్షేమంగా గడవడం కొండమీద చూపే సాహసంపై కన్నా, బయలుదేరకముందు వేసుకొన్న ప్రణాళికపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

స్కీలంటే పాదరక్షలకు బిగించుకొనే పొడవైన సన్నని పలకలు. మంచుపై కిందికి జారడానికి అవి ఉపయోగపడతాయన్నది అందరికీ తెలిసినదే. వాటితో కొండ ఎక్కడం మాత్రం కొత్తవారికి వింతగా తోస్తుంది. ఎక్కేటప్పుడు మడమ పైకి లేచేలా బిగింపును సడలిస్తారు. పలకల అడుగున నూగుగల పట్టీలు అంటిస్తారు. పూర్వం సీలు అనే సముద్రజంతువు చర్మాన్ని వాడేవారు. ఇప్పుడు మేకబొచ్చుతో గాని నైలానుతో గాని తయారుచేస్తున్నారు. ఆ నూగు వెనుకవైపుకు వాలి ఉంటుంది కనుక పలక ముందుకు జారుతుందేగాని వెనక్కి జారదు.

హిమానీనదం పేరుకు తగినట్టు నదియే. యుగాలుగా పేరుకొన్న మంచు తన బరువుకు తానే గడ్డకట్టి, లోయవాలు వెంబడి అతి మెల్లగా ప్రవహిస్తుంది. నీటికి బండ అడ్డువస్తే పొంగి దాటుతుంది. మంచుగడ్డకు ఆ సులువు లేదు; వంగవలసిన చోట పగులుతుంది. అలా ఏర్పడిన పగుళ్లు కొన్ని పదుల మీటర్ల లోతున ఉంటాయి. వేసవిలో అవి నోరు తెరుచుకొని కనిపిస్తాయి. శీతకాలంలో వాటిపై కొత్త మంచు కప్పి వంతెనలా నిలుస్తుంది. పైనుండి చూసేవారికి అంతా ఒకే తెల్లని మైదానం. ఆ వంతెన ఎక్కడ గట్టిదో, ఎక్కడ పలుచనిదో కంటితో పోల్చుకోవడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే.

అందుకే యాత్రకు కాలనిర్ణయం మొదటి మెట్టు. మార్చి నడిమి నుండి ఏప్రిల్ చివరివరకు ఈ మార్గానికి అనువైన కాలమని భావిస్తారు. అప్పటికి శీతకాలమంతా కురిసిన మంచు దళసరిగా పేరుకొని వంతెనలు బలపడి ఉంటాయి. పగటి పొద్దు పెరుగుతుంది. వసతిగృహాలలో కాపరులు ఉండి భోజనం, పడక సమకూరుస్తారు. పడకలు పరిమితం కనుక ముందుగానే చెప్పి ఉంచుకోవాలి. ఆరు రాత్రులకూ పడకలు ఖాయం చేసుకోవడంలో సౌకర్యంతో పాటు ఒక చిక్కు కూడా ఉంది. ‘రేపటి పడక అక్కడ ఉంది’ అన్న ఆలోచన, వాతావరణం బాగాలేనినాడు సైతం మనిషిని ముందుకు తోస్తుంది.

స్విస్ సైన్యం జెర్మాట్ నుండి వెర్బియే వరకు హిమానీనదాలపై ఒక స్కీ పోటీని 1943లో ప్రారంభించింది. 1949లో జరిగిన పోటీలో ముగ్గురు సభ్యుల జట్టు ఒకటి మోఁ మినే హిమానీనదంపై పగులులో పడి మరణించింది. ఆ పోటీని నిలిపివేశారు. తిరిగి జరిపింది 1984లోనే. శిక్షణ పొందిన సైనికులకే ఈ గతి పట్టినప్పుడు, పగుళ్లున్న చోట తాడు కట్టుకోవడానికి బద్ధకించేవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. సాధారణంగా ముగ్గురు నలుగురు ఒకే తాడుకు కట్టుకొని, మనిషికీ మనిషికీ నడుమ ఎనిమిది పది మీటర్ల ఎడం ఉంచి నడుస్తారు. తాడు వదులుగా వేలాడకూడదు. వదులుంటే పడినవాడు వేగం పుంజుకొని మిగిలినవారిని కూడా ఈడ్చుకుపోతాడు. పడినవాడిని కప్పీల సాయంతో పైకి లాగే పద్ధతిని ఇంటివద్దనే, పలుమార్లు, చేతితొడుగులు వేసుకొని అభ్యసించాలి. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో కొత్త ముడి నేర్చుకోవడం సాధ్యం కాదు.

పగుళ్లు హిమానీనదం మీద ఉండే ప్రమాదమైతే, దాని అంచుల నుండి వచ్చేది మంచుచరియ. ముప్పై డిగ్రీలకు మించిన వాలులలోనే అధికంగా చరియలు విరిగిపడతాయి. స్విట్జర్లాండు ప్రభుత్వపటాలలో అట్టి వాలులను రంగులతో వేరుగా చూపిస్తారు. దావోస్ పట్టణంలోని మంచుచరియల పరిశోధనసంస్థ శీతకాలంలో ప్రతిదినం ప్రమాదసూచిక ప్రకటిస్తుంది. అందులో ఒకటి నుండి ఐదు వరకు అంచెలున్నాయి. మూడవ అంచె నడిమిది కదా అని చాలామంది తేలికగా తీసుకొంటారు. స్విట్జర్లాండులో మంచుచరియల మరణాలలో సుమారు సగం సంభవించేది ఆ అంచెలోనే. వెర్నర్ మున్‌టర్ అనే స్విస్ మార్గదర్శి దీనికి ఒక సులభసూత్రం చెప్పాడు. రెండవ అంచెలో 40 డిగ్రీల లోపు, మూడవదానిలో 35 లోపు, నాల్గవదానిలో 30 లోపు వాలులకే పరిమితం కావాలి. ఐదవ అంచెనాడు ఇల్లు కదలకూడదు.

ప్రతి యాత్రికుని వద్దా మూడు వస్తువులు తప్పక ఉండాలి. మంచుకింద కూరుకుపోయినవాడి జాడ తెలిపే సంకేతయంత్రం ఒకటి. లోతు తెలుసుకొనే పొడవాటి ఊచ మరొకటి. తవ్వడానికి పార మూడవది. పూర్తిగా కప్పబడిన మనిషిని పది నిమిషాలలో వెలికితీస్తే బతికే అవకాశం సుమారు 90 శాతం. అర్ధగంట గడిచేసరికి అది సుమారు 30 శాతానికి పడిపోతుందని 2024లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. బయటినుండి సహాయబృందం వచ్చేలోగా ఆ వ్యవధి సాధారణంగా దాటిపోతుంది. కనుక పక్కన ఉన్న సహచరుడే ప్రాణదాత.

ఇక కాలం లెక్క. నిలువున 400 మీటర్లు ఎక్కడానికి ఒక గంట, అడ్డంగా 4 కి.మీ. నడవడానికి ఒక గంట చొప్పున వేరువేరుగా లెక్కించి, పెద్ద అంకెకు చిన్నదానిలో సగం కలుపుతారు. ఉదాహరణకు ఒకనాటి ప్రయాణంలో ఎక్కవలసింది 1,200 మీటర్లు, నడవవలసింది 8 కి.మీ. అనుకొందాం. ఎక్కడానికి మూడు గంటలు, నడకకు రెండు గంటలు. వెరసి నాలుగు గంటలు. విశ్రాంతి, తాడు ముడులు, కిందికి దిగే వ్యవధి దీనికి అదనం. వసంతకాలపు ఎండకు మధ్యాహ్నానికల్లా మంచు మెత్తబడి, వంతెనలూ వాలులూ కూడా నమ్మదగనివవుతాయి. అందుచేతనే తెల్లవారకముందే దీపం పెట్టుకొని బయలుదేరి, మధ్యాహ్నానికి గూడు చేరడం ఇక్కడి ఆచారం.

అన్నిటికన్నా కఠినమైనది వాతావరణం. సున్నాకు దిగువ పది డిగ్రీల చలిలో గంటకు 60 కి.మీ. గాలి వీస్తే, ఒంటికి అది సున్నాకు దిగువ 23 డిగ్రీల చలిలా తోస్తుంది. దానికి మేఘం తోడైతే ఆకాశమేదో నేల ఏదో తెలియని తెల్లని చీకటి కమ్ముకొంటుంది. 2018 ఏప్రిల్ 29న దీస్ వసతిగృహం నుండి వినెత్ వసతిగృహానికి బయలుదేరిన పద్నాలుగుమంది పిన్ దారోలా శిఖరప్రాంతంలో ఇటువంటి తుపానులో చిక్కుకొన్నారు. దారి తప్పి రాత్రంతా ఆరుబయట గడిపారు. వారిలో ఏడుగురు మరణించారు. మృతులలో అనుభవజ్ఞుడైన మార్గదర్శి కూడా ఉన్నాడు. వారు చేరవలసిన వసతిగృహం అక్కడికి కొన్ని వందల మీటర్ల దూరంలోనే ఉంది.

సరైన ప్రణాళికలో ముందుకు పోయే దారితోపాటు తప్పుకొనే దారి కూడా ఉంటుంది. ఏ కనుమ దగ్గర, ఎన్ని గంటలకు, ఏ లక్షణం కనిపిస్తే వెనుదిరగాలో ముందురోజు సాయంత్రమే, పటం ముందుంచుకొని, జట్టంతా కలిసి నిశ్చయించుకోవాలి. గాలిలో అలసినవాని బుద్ధి సరిగా పనిచేయదు. దిక్సూచి, పటం, ఉపగ్రహసాయంతో దారి చూపే యంత్రం మూడూ ఉండాలి. చలికి యంత్రపు బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కనుక దానిని ఒంటికి ఆనించి దాచుకోవాలి.

ఈ నియమం ఎక్కువగా పరీక్షకు నిలిచేది చివరిరోజున. 3,157 మీటర్ల ఎత్తున ఉన్న వినెత్ వసతిగృహం నుండి జెర్మాట్ చేరాలంటే ఎవెక్, మోం బ్రూలే, వాల్‌పెలీన్ అనే మూడు కనుమలు వరుసగా దాటాలి. చివరిది 3,500 మీటర్లకు పైబడినది. అది దాటాక మాటర్‌హార్న్ శిఖరపు ఉత్తరముఖం కిందుగా సాగే దిగుడు ఈ యాత్రకంతటికీ కిరీటం వంటిది. ఆ దృశ్యం కోసమే అయిదు రోజులు కష్టించినవారికి, తెల్లవారుజామున తలుపు తీసి మబ్బును చూసినప్పుడు కలిగే నిరాశ సామాన్యమైనది కాదు. అయినా అలాంటి ఉదయాన, కాపరిని సంప్రదించి, దిగుడుకు వీలున్నంతలో జట్లు అరోలా గ్రామానికి దిగిపోతాయి. అక్కడి నుండి బస్సులో సియోన్ పట్టణానికి, అక్కడి నుండి రైలులో అదేరోజు సాయంత్రానికి జెర్మాట్‌కు చేరవచ్చు.