కేబుల్ వచ్చింది, తీగ పలికింది
సముద్రం దాటిన గిటార్ పాఠం: దీవుల్లో వీడియోనే గురువుకు దారి

చెన్నైలోని గురువు ఓడలో దాదాపు మూడు రోజుల దూరం. సాధన వీడియో పంపుదామంటే ఇంటర్నెట్ ఉపగ్రహం దయ. అండమాన్ నికోబార్‌లో గిటార్ నేర్చుకునేవారికి 2020 దాకా ఇదే పరిస్థితి. ఆ ఏడాది ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కి.మీ. పొడవైన ఆ లైను కార్ నికోబార్, గ్రేట్ నికోబార్‌లనూ కలిపింది. చర్చి బృందగానంలో ఆరితేరిన నికోబారీలకు గిటార్ కొత్త కాదు. 2011 లెక్కల్లో సుమారు 13 శాతమున్న తెలుగువారికీ ఇది అందివచ్చిన అవకాశమే.

వాయించేటప్పుడు ధ్యాసంతా పాట మీదే. బొటనవేలు బిగుసుకోవడం, కార్డ్ మారేచోట లయ జారడం తెలియవు. వీడియోలో అవే ముందు కనబడతాయి. ప్రత్యక్ష పాఠంలో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కనుక గురుశిష్యులు కలిసి వాయించలేరు. రికార్డుకు ఆ బెడద లేదు. గురువు ఆపి, నెమ్మదిగా నడిపి తప్పు పట్టుకోవచ్చు.

షరతులు మూడే: నిమిషం లోపు ముక్క, రెండు చేతులూ కనబడాలి, మెట్రోనోమ్ వినబడాలి. అడిగే ప్రశ్న ఒకటే ఉండాలి. వారం తర్వాత అదే ముక్క మళ్లీ పంపాలి. ‘బాగుంది’ అన్న మెచ్చుకోలు మనసుకు హాయి, వేళ్లకు మాత్రం వృథా.