పొగడొద్దు... తెగడొద్దు... ఆధారం చూపండి!

"బాబూ, నీకు ఈ ఇంటర్నెట్ సంగతులు తెలుసు కదా... మా మనవడు ఫోన్లో చదివి చెప్పాడు. నేనేదో సినిమా షూటింగ్ మధ్యలో డబ్బు కోసం గొడవపడి వెళ్ళిపోయానట. అది ఎవరు రాశారో కాస్త కనుక్కుంటావా?"

కిందటేడు ఒక సాయంత్రం ఇంటర్వ్యూ ముగించి లేవబోతుంటే ఒక సీనియర్ నటి నన్నడిగిన ప్రశ్న ఇది. ఆవిడ పేరు చెప్పను. పాతికేళ్ళకు పైగా మన హీరోలకు తల్లిగా, అత్తగా, మేనత్తగా నటిస్తున్నారు. మీరంతా ఏదో ఒక సినిమాలో ఆవిడతో పాటు కళ్ళు తుడుచుకున్నవారే.

"కనుక్కుంటానమ్మా" అన్నాను గానీ నా గొంతు తడారిపోయింది. ఎందుకంటే అది రాసింది ఎవరో కనుక్కోనక్కర్లేదు. రాసింది నేనే!

పదేళ్ళ కిందటి మాట. డిగ్రీ చేతపట్టుకుని, భుజాన సంచీ తగిలించుకుని కృష్ణానగర్ వీధుల్లో వార్తల కోసం తిరుగుతున్న రోజులు. టీకొట్టు దగ్గర ఒక ప్రొడక్షన్ మేనేజర్ ఈ సంగతి నా చెవిలో ఊదాడు. ఆవిడకొక్క ఫోన్ కొడితే నిజమేమిటో తేలిపోయేది. కొట్టలేదు. సాయంత్రానికల్లా కాలమ్ నిండాలి మరి! చివర "వినికిడి" అని ఒక ముక్క తగిలించి నాలుగు లైన్లు రాసిచ్చేశాను. మర్నాటికి మర్చిపోయాను.

ఆ నాలుగు లైన్లు మాత్రం నన్ను మర్చిపోలేదు. ఆ రాత్రి ఇంటికెళ్ళి వికీపీడియాలో ఆవిడ పేజీ తీశాను. "వివాదాలు" అని పెద్ద అక్షరాలతో ఒక శీర్షిక. దాని కింద నా వార్తే! "వినికిడి" అన్న మాట ఒక్కటే ఎగిరిపోయింది. అడుగున మూలం అంటూ పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు. టీకొట్టు కబురు కాస్తా చరిత్రయి కూర్చుంది!

ఎవరైనా రాయొచ్చు... చిక్కంతా అక్కడే!

వికీపీడియా అంటే మీకు కొత్త కాదు. అభిమాన తార పుట్టినరోజు కావాలన్నా, ఫలానా సినిమాకు సంగీతం ఎవరన్నా ముందు చూసేది అదే. 2001 జనవరిలో జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ దీన్ని మొదలుపెట్టారు. తెలుగులో 2003 డిసెంబరులో మొదలైంది. జీతాలు తీసుకుని వ్యాసాలు రాసే సంపాదకులు ఇందులో లేరు. మీరూ రాయొచ్చు, నేనూ రాయొచ్చు. ఒకరు రాసింది మరొకరు దిద్దొచ్చు. చనిపోయిన మహారాజు గురించి తప్పు రాస్తే ఆయన వచ్చి అడగడు. బతికున్న మనిషి గురించి రాస్తే? ఆ మనిషికి ఇల్లుంది, పిల్లలున్నారు, రేపు వేషం ఇవ్వాల్సిన నిర్మాత ఉన్నాడు.

ఈ నిజం అందరికీ తెలిసొచ్చింది 2005లో. అమెరికాలో జాన్ సీగెన్‌థాలర్ అని పేరున్న పాత్రికేయుడు ఉండేవారు. కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన ప్రమేయం ఉందని ఒకప్పుడు అనుమానించారని, రుజువు మాత్రం కాలేదని ఆ ఏడాది మే నెలలో ఎవరో ఆయన పేజీలో రాసేశారు. పచ్చి అబద్ధం! రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేసి, ఆయన అంత్యక్రియల్లో శవపేటికకు భుజం పట్టిన మనిషి మీద ఆ మాట! నాలుగు నెలలకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఆయనే పత్రికలో వ్యాసం రాసి లోకానికి చెప్పుకోవలసి వచ్చింది.

ఇంతకీ చేసిందెవరు? నాష్‌విల్‌లో ఒక డెలివరీ కంపెనీ ఉద్యోగి. తోటి ఉద్యోగిని ఆటపట్టించడానికి రాశాడట! సంగతి బయటపడ్డాక క్షమాపణ చెప్పి ఉద్యోగం మానేశాడు. సీగెన్‌థాలర్ కేసు పెట్టలేదు సరికదా, అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకోమని యజమానిని అడిగారు. 2014లో కన్నుమూసిన ఆ పెద్దమనిషి వల్లనే ఈ వ్యవహారానికి ఒక కట్టుబాటు ఏర్పడింది. ఆ డిసెంబరులోనే ఇంగ్లీషు వికీపీడియాలో బతికున్నవారి జీవిత కథలకు ప్రత్యేక నియమావళి పెట్టారు. 2009లో వికీమీడియా సంస్థ పాలకమండలి ఈ విషయంలో జాగ్రత్త పాటించమని అన్ని భాషలవారినీ కోరింది.

నియమం చెప్పుకోవడానికి చిన్నదే. బతికున్న మనిషి మీద గొడవ తెచ్చే మాట ఏది రాసినా నమ్మదగ్గ ఆధారం ఉండాలి. లేకపోతే చర్చ కోసం ఆగకుండా అప్పటికప్పుడు తీసేయాలి. తిట్టుకే కాదు, పొగడ్తకూ అంతే!

మున్నాభాయ్ కథ మూడు రకాలు

అయితే వివాదాలన్నీ తుడిచేసి, అందరినీ మంచివాళ్ళని రాసేస్తే తటస్థత అయిపోతుందా? కాదు. మనందరికీ తెలిసిన సంజయ్ దత్ సంగతే తీసుకోండి. మన 'శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.'కు మూలమైన 'మున్నాభాయ్' హీరో. 2024లో 'డబుల్ ఇస్మార్ట్'తో తెలుగు తెర మీద కూడా కనిపించారు.

వీరాభిమాని చేతికి కలమిస్తే ఏం రాస్తాడు? "అమాయకుడైన మా బాబాను అన్యాయంగా ఇరికించారు." గిట్టనివాడికిస్తే? "బాంబు పేలుళ్ళ కుట్రదారు." రెండూ నెగ్గవు. మరి మిగిలేదేమిటి? 1993 బొంబాయి పేలుళ్ళ కేసులో అరెస్టయ్యారు. 2006లో ప్రత్యేక కోర్టు ఆయనను ఉగ్రవాద కుట్ర అభియోగం నుంచి విముక్తుణ్ణి చేసింది, ఆయుధాల చట్టం కింద దోషిగా తేల్చింది. 2007లో ఆరేళ్ళ శిక్ష పడింది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని అయిదేళ్ళకు తగ్గించింది. 2016 ఫిబ్రవరిలో ఎరవాడ జైలు నుంచి విడుదలయ్యారు.

చూశారా? ఇందులో ఒక్క విశేషణం లేదు. అమాయకుడనీ లేదు, దుర్మార్గుడనీ లేదు. అయినా అభిమాని దాచాలనుకున్నదీ ఉంది, గిట్టనివాడు మింగేయాలనుకున్నదీ ఉంది. ఆరోపణ వేరు, అరెస్టు వేరు, తీర్పు వేరు. ఒకదాని స్థానంలో ఇంకోటి రాయడమే మనం చేసే పెద్ద తప్పు.

పాళ్ళు కూడా చూసుకోవాలి. ముప్పై ఏళ్ళ నట జీవితానికి మూడు లైన్లు, ఒక రాత్రి పబ్బులో గొడవకు మూడు పేరాలు ఇస్తే ప్రతి అక్షరం నిజమే కావచ్చు, మొత్తం పేజీ మాత్రం అబద్ధమే!

సంగీత దర్శకుడు అనని మాట

"పత్రికలో వచ్చింది కదా, ఇంకేం ఆధారం కావాలి?" అంటారా? పత్రికల సంగతీ వినండి.

'లారెన్స్ ఆఫ్ అరేబియా', 'డాక్టర్ జివాగో', మన బెంగుళూరు పరిసరాల్లో చిత్రీకరణ జరుపుకున్న 'ఎ పాసేజ్ టు ఇండియా'... ఈ మూడింటికీ ఆస్కార్లు గెలిచిన సంగీత దర్శకుడు మారిస్ జార్ 2009 మార్చిలో చనిపోయారు. వెంటనే డబ్లిన్‌లో ఒక కాలేజీ కుర్రాడు సంగీతం గురించి, చావు గురించి ఒక అందమైన వాక్యం సొంతంగా అల్లి, జార్ అన్నట్టుగా ఆయన పేజీలో పెట్టేశాడు. పత్రికలవాళ్ళు పరీక్షించుకుని వేస్తారా, గుడ్డిగా దించేస్తారా చూద్దామని!

ఆధారం లేదని వికీపీడియా వాళ్ళు తీసేశారు. మళ్ళీ పెడితే మళ్ళీ తీసేశారు. కానీ ఈలోపే బ్రిటన్ నుంచి మన దేశం దాకా పత్రికలవాళ్ళు ఆ వాక్యాన్ని నివాళి వ్యాసాలకెక్కించేశారు. నెల తర్వాత ఆ కుర్రాడే ఉత్తరం రాసి చెప్పేదాకా వాళ్ళకు అనుమానమే రాలేదు. జీతం లేని ఔత్సాహికులు పట్టుకున్న దొంగను జీతం తీసుకునేవాళ్ళు పట్టుకోలేకపోయారన్నమాట!

ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. నా నాలుగు లైన్లు గుర్తొచ్చాయి.

నా తప్పు నేనే తుడుస్తానంటే...

ఇక నా కథకొద్దాం. నేరుగా ఆవిడ పేజీ తెరిచి "వివాదాలు" అన్న భాగం మొత్తం కోసేశాను. హమ్మయ్య అనుకున్నాను. గంట తిరక్కుండానే అది మళ్ళీ ప్రత్యక్షం! మూలం ఉన్న విషయాన్ని కారణం చెప్పకుండా తీసేశారేం అని ఎవరో దాన్ని వెనక్కి తెచ్చారు. మళ్ళీ తీశాను. మళ్ళీ వచ్చింది.

అప్పుడు చర్చ పేజీకి వెళ్ళాను. వికీపీడియాలో ప్రతి వ్యాసం వెనకా అలాంటి పేజీ ఒకటుంటుంది. ఏ మార్పు ఎప్పుడు జరిగిందో మొదటి అక్షరం నుంచీ కనిపించే చరిత్ర ఉంటుంది. తెలుగు వికీపీడియాలో అందరూ కూడి మాట్లాడుకునే చోటుకైతే రచ్చబండ అని చక్కటి పేరు కూడా పెట్టుకున్నారు. "అయ్యా, ఆ వార్త రాసింది నేనే. విచారించకుండా రాశాను. తీసేయండి" అని మొరపెట్టుకున్నాను.

జవాబు వచ్చింది. "మీరెవరో మాకు తెలియదు. మీ మాట ఆధారంగా తీసుకోలేం. అయితే పేరు లేని మనిషి చెప్పిన వినికిడి, బతికున్న వ్యక్తి మీద ఆరోపణకు మూలం కాదు. అందుకని తీసేస్తున్నాం." నా పశ్చాత్తాపంతో వాళ్ళకు పని లేదు. నా వార్తతోనూ పని లేదు. ఆ జవాబుకు చిన్నబుచ్చుకోవాలో సంతోషించాలో నాకు తెలియలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ప్రాయశ్చిత్తం ఇంకాస్త ఘనంగా చేద్దామనుకున్నాను. "తెలుగు తెర గర్వించదగ్గ మహానటి" అని ఒక వాక్యం చేర్చాను. ఆ రోజుల్లో ఆవిడ భర్త ఆసుపత్రిలో ఉన్నారని, షూటింగ్ మానింది అందుకేనని నాకు తర్వాత తెలిసింది. అదీ రాశాను. తెల్లారేసరికి రెండూ లేవు! పొగడ్త పక్కన మొదట "ఆధారం చూపాలి" అని చీటీ అంటించి, ఆ తర్వాత తీసేశారు. భర్త ఆరోగ్యం సంగతి ఎక్కడా అచ్చు కాలేదు, పైగా ఇంటి విషయం, అది ఇక్కడ అనవసరమన్నారు.

కోపమొచ్చింది. నిజం రాస్తే తీసేస్తారా? నిదానంగా ఆలోచిస్తే అర్థమైంది. ఆవిడ మంచి కోసమే అయినా, నేను మళ్ళీ ఆవిణ్ణి అడక్కుండానే రాశాను! పదేళ్ళ కిందట చేసిన పనే ఇంకోసారి చేశాను.

వికీపీడియా స్థాపకుడికే ఈ పాఠం తప్పలేదు. తన పేజీలో సాంగర్ సహ స్థాపకుడన్న ముక్కను 2005లో జిమ్మీ వేల్స్ స్వయంగా మార్చారు. మార్పుల చరిత్రలో అంతా కనిపిస్తుంది కదా, దొరికిపోయారు. అలా చేయకూడదని ఒప్పుకున్నారు.

అభిమానులకు ఒక మాట

పాఠక మిత్రులారా, మన హీరో పేజీలో ఎవరో చెడ్డమాట రాస్తే మన రక్తం ఉడుకుతుంది. అవతలి హీరో పేజీలో నాలుగు అంటించి వస్తాం. ఇంగ్లీషు వికీపీడియాలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఒకరి మార్పును వెనక్కి తిప్పితే తలుపు మూసేస్తారు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. 2023 మార్చిలో, ఉగాది ముందురోజు, కోట శ్రీనివాసరావుగారు పోయారని సామాజిక మాధ్యమాల్లో పుకారు పుట్టింది. నేను బతికే ఉన్నానని ఆయన తానే వీడియోలో చెప్పుకోవలసి వచ్చింది! ఆయన 2025 జులైలో కన్నుమూశారు. తన చావు వార్త తన చెవినే పడటం ఎలా ఉంటుందో, పంపే ముందు మనలో ఎవరైనా అనుకున్నామా?

అవతల ఒక మనిషి ఉన్నారు. చదువుతారు. వాళ్ళు చదవకపోతే మనవడు చదివి వినిపిస్తాడు.

ఆఖరికి ధైర్యం చేసి ఆవిడకు ఫోన్ చేశాను. "అమ్మా, అది రాసింది ఎవరో తెలిసింది. నేనే" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. లైన్ తెగిందేమో అనుకున్నాను.

"ఇప్పుడక్కడ ఏముంది?" అన్నారు చివరికి.

"మీ సినిమాల పేర్లు ఉన్నాయమ్మా. అంతే."

"అన్నీ ఉన్నాయా?"

చదివి వినిపించాను. రెండు తక్కువయ్యాయన్నారు. "రాసుకో, పేర్లు చెప్తాను."

"రాస్తానమ్మా, కానీ ఆధారం కావాలి" అన్నాను భయపడుతూనే.

ఆవిడ మొదటిసారి నవ్వారు. "సినిమా వేసుకుని చూడు నాయనా. టైటిల్స్‌లో నా పేరు పడుతుంది!"