పావురాల గూడు - ఒంటిపై దురద

దురద కనిపించినంతనే గజ్జి అని నిర్ణయించుట పొరపాటు. ఆ పొరపాటు నేనును చేసితిని.

ఆ మధ్య ఉపాధ్యాయులొకరు భార్యను, కుమార్తెను వెంటబెట్టుకొని నా వైద్యశాలకు వచ్చిరి. ముగ్గురికిని మెడపైన, భుజములపైన, నడుము చుట్టును ఎర్రని పొక్కులు. రాత్రివేళ దురద అధికము. రోగి నివసించు చోటును విచారింపుమని గురుకులమున మా గురువుగారు బోధించియుండిరి. నేను విచారింపక గంధకపు లేపనమిచ్చి పంపితిని. పదునైదు దినములకు వారు మరల వచ్చిరి. దురద తగ్గలేదు సరికదా, అంటువ్యాధి యని ఇరుగుపొరుగు వారు ఆ బిడ్డను తమ పిల్లలతో ఆడనీయకున్నారట. తల్లి కంట నీరు చూచి సిగ్గుపడితిని. పడక ఎక్కడ అని అప్పుడడిగితిని. కిటికీ ప్రక్కన. కిటికీ వెలుపల ఎ.సి. పెట్టెపై పావురముల గూడు; పిల్లలు ఎగిరిపోయి మూడు వారములైనదట.

రోగకారణము ఆ గూటిలోనే యున్నది. పక్షుల రక్తము త్రాగి బ్రతుకు సూక్ష్మమైన నల్లులు కలవు. ఇవి మంచపు నల్లులు కావు. ఎనిమిది కాళ్లుగల సాలీడు, గోమారి జాతికి చెందినవి. పరిమాణము ఒక మిల్లీమీటరుకు మించదు. బూడిదవన్నెలో నుండి, రక్తము త్రాగిన పిదప ఎర్రబారును. పక్షులు విడిచిపోగా ఆకలిగొని కిటికీ సందులగుండా ఇంటిలో ప్రవేశించి మనుష్యులను కుట్టును. వీనిలో కోళ్లను పట్టు ఎర్రనల్లి పగలు పగుళ్లలో దాగి రాత్రి బయలుదేరును. ఆహారము లేకున్నను కొన్ని నెలలు జీవింపగలదు.

గజ్జి పురుగు చర్మమును తొలిచి గ్రుడ్లు పెట్టును. వ్రేళ్ల సందులలో, మణికట్టుపై సన్నని గీతలు కనిపించును. ఒకరినుండి ఒకరికి అంటును. పక్షినల్లి చర్మమును తొలువదు, మనుష్యుని ఒంటిపై సంతానము వృద్ధి చేయదు. కావున ఈ రోగిని దూరముంచ నక్కరలేదు.

ఆయుర్వేదమున చికిత్సకు మొదటి మెట్టు నిదాన పరివర్జనము, అనగా రోగకారణమును తొలగించుట. గూటిలో పిల్లలున్నచో అవి ఎగిరిపోవు వరకు ఆగవలెను. పిదప ముక్కునకు మాస్కు, చేతులకు తొడుగులు ధరించి, గూటిని సబ్బునీటితో తడిపి, సంచిలో మూటగట్టి పారవేయవలెను. ఎండిన రెట్టను ఊడ్చరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము. పగుళ్లు పూడ్చి, వల బిగింపవలెను. దుప్పట్లను వేడినీట ఉతుకవలెను.

గుప్పెడు వేపాకు మరిగించి చల్లార్చిన నీటితో స్నానము, తడిగుడ్డ వేయుట దురదకు ఉపశమనము. గోళ్లతో గీరరాదు. చీము పట్టినను, జ్వరము వచ్చినను, దురద సహింపరానిదైనను వైద్యుని దర్శింపవలెను.

గూడు తీసి ఇల్లు శుభ్రపరచిన రెండు వారములకు ఆ బిడ్డ పొక్కులు మానినవి. నేనిచ్చిన లేపనము వలన కాదు. నాటినుండి ఏ రోగి దురదయని వచ్చినను, నాడి పట్టుటకు ముందే కిటికీ మాట అడుగుచున్నాను.