మిగతా తొమ్మిది వేలు ఎక్కడికి పోయాయి?



ఈ నెల ఆరో తరగతి పిల్లలు సైన్స్‌లో ఆవరణ వ్యవస్థలో శక్తి ప్రసారం, మ్యాథ్స్‌లో పూర్ణాంకాలు నేర్చుకుంటున్నారు. సబ్జెక్టులు వేరు, నోట్‌బుక్కులు వేరు. కానీ ఒకటి బాగా అర్థమైతే రెండోది సులువవుతుంది. అదెలాగో, ఇంట్లో మీరేం చేయొచ్చో చూద్దాం.

వరి పొలాన్ని తీసుకోండి. వరి మొక్క ఎండను వాడుకుని ఆహారం తయారుచేసుకుంటుంది. ఆ ఆకును మిడత, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద తింటాయి. ఇదే ఆహారపు గొలుసు. ఇక్కడ చాలామంది పిల్లలు బాణం గుర్తును తిరగేసి వేస్తారు. "పామే కదా టీచర్ కప్పను తినేది" అంటూ పాము నుంచి కప్ప వైపు గీస్తారు. బాణం శక్తి ఎటు వెళ్తుందో చూపిస్తుంది. కాబట్టి అది కప్ప నుంచి పాము వైపు ఉండాలి.

ఇప్పుడు లెక్క. వరిలో 10,000 యూనిట్ల శక్తి ఉందనుకుందాం. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు సుమారు పదో వంతే అందుతుంది. మిడతలకు 1,000, కప్పలకు 100, పాములకు 10, గద్దకు 1. అమెరికా శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్ మిన్నెసోటాలోని ఒక చిన్న సరస్సును పరిశీలించి రాసిన వ్యాసం 1942లో వచ్చింది. ఈ ఆలోచనకు పునాది అదే. పదో వంతు అన్నది సుమారు లెక్క మాత్రమే, అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

పిల్లలు దీన్ని "ఒక్కో సున్నా కొట్టేస్తే చాలు" అని గుర్తుపెట్టుకుంటారు. ఇక్కడ జవాబు సరిపోతుంది. కానీ 4,050ని 10తో భాగించమంటే కొందరు మధ్యలో సున్నా కొట్టేసి 450 అంటారు. అసలు జరిగేది ప్రతి అంకె ఒక స్థానం కుడివైపుకు జరగడం. వేల స్థానంలోని 4 వందల్లోకి, పదుల స్థానంలోని 5 ఒకట్లలోకి వస్తాయి. జవాబు 405.

గద్ద దగ్గర మిగిలిన 1ని మళ్లీ 10తో భాగిస్తే పూర్ణాంకం రాదు. పూర్ణాంకాలను కూడినా, గుణించినా పూర్ణాంకమే వస్తుంది. భాగిస్తే ప్రతిసారీ రాదు. పుస్తకంలో సంవృత ధర్మం అని చదివేది దీని గురించే. ప్రకృతిలో కూడా ఆహారపు గొలుసు నాలుగైదు మెట్లు దాటడం అరుదు. ఇంకో మెట్టును పోషించేంత శక్తి మిగలదు.

మరి మిడతకు చేరని 9,000 ఏమైంది? కొంత వరి తన బతుకుకే ఖర్చు చేసుకుంది, అది వేడిగా పోయింది. మిడత తినని వేర్లు, కాండంలో కొంత ఉండిపోయింది. తిన్నదాంట్లోనూ అరగనిది బయటికి పోయింది, ఎగరడానికి, గెంతడానికి కొంత ఖర్చయింది. మన పిల్లలనే చూడండి. ఏడాదికి కొన్ని కిలోలే పెరుగుతారు. తిన్నదేమో దానికి ఎన్నో రెట్లు!

"మాకు ఇంగ్లిష్ మీడియం పాఠాలు రావు, మేమేం చెప్పగలం మేడమ్" అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అంటుంటారు. ప్రొడ్యూసర్, కన్స్యూమర్ అనే మాటలు క్లాసులో మేం నేర్పుతాం. ఆ మాటల వెనక ఉన్నది పిల్లలకు అర్థమైందో లేదో మీరు తెలుగులో అడిగితేనే బాగా తెలుస్తుంది. ఈ వారం మూడు ప్రశ్నలు అడగండి.

1. పొద్దున నువ్వు తిన్న ఇడ్లీకి శక్తి మొదట ఎక్కడి నుంచి వచ్చింది?
2. పొలంలో మిడతలు అన్ని ఉంటే గద్దలు ఒకటో రెండో ఎందుకుంటాయి?
3. 7,030ని 10తో భాగిస్తే 7 ఏ స్థానంలోకి వెళ్తుంది?

జవాబు వెంటనే చెప్పేయకండి. రెండు నిమిషాలు ఆగండి. తప్పు చెప్పినా ఎందుకలా అనుకున్నావని అడగండి. ఆ కారణాన్ని డైరీలో ఒక్క ముక్క రాసి పంపితే, మర్నాడు మా పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.